పెద్దల సభ దినచర్య: సెనెట్ పద్ధతి మేలా, రాజ్యసభ పద్ధతి మేలా?

తెలంగాణ శాసనమండలి సమావేశాలు జరిగే రోజుల్లో రవీంద్రభారతి నుంచి లక్డీకాపూల్ దాకా వాహనాలు నిలిచిపోతే విసుక్కుంటాం గానీ, లోపల ఆ రోజు ఏ అంశం ముందు వస్తుంది, ఎవరికి ఎన్ని నిమిషాలు దక్కుతాయి, ఫలానా బిల్లు ఇవాళే ఎందుకు వచ్చింది అని మాత్రం అడుగం. శాసనసభలో అయితే జవాబు తేలిక. మెజారిటీ ఉన్న ప్రభుత్వం తలచుకున్నదే జరుగుతుంది. పెద్దల సభకు సభ్యులు వేర్వేరు కాలాల్లో వేర్వేరు దారుల్లో వస్తారు కనుక ప్రభుత్వానికి ఒక్కోసారి అక్కడ సంఖ్యాబలమే ఉండదు. అందువల్ల అక్కడ రోజును నడపడం ఒక విద్య అయింది. ఆ విద్యను అమెరికా సెనెట్ ఒక తీరుగా, మన రాజ్యసభ మరో తీరుగా సాధన చేశాయి. మన మండలికి వీటిలో ఏది మేలు అన్నదే ఇక్కడి ప్రశ్న.

సెనెట్‌లో సభను నడిపేది అధ్యక్ష స్థానం కాదు, మెజారిటీ పార్టీ నాయకుడు. చిత్రమేమంటే ఆ దేశ రాజ్యాంగంలో ఆ పదవి ప్రస్తావనే లేదు. ఉపాధ్యక్షుడు సభకు అధ్యక్షుడైనా ఆయన అరుదుగా వస్తాడు, సాధారణంగా కొత్త సభ్యులు వంతులవారీగా ఆ కుర్చీలో కూర్చుంటారు. నాయకుడి బలమంతా ఒక ఆనవాయితీలో ఉంది. ఒకేసారి పలువురు లేచి నిలబడితే మొదటి అవకాశం ఆయనకే ఇవ్వాలని 1937 నుంచి అక్కడ సంప్రదాయం. మొదట మాట్లాడేవాడే మొదటి తీర్మానాన్ని ప్రతిపాదిస్తాడు కనుక ఎజెండా ఆయన చేతికి వస్తుంది.

అయితే ఆ చేతికి కట్టు కూడా ఉంది. చర్చకు గడువు విధించే సులువైన నియమం లేదు కనుక ప్రతి చిన్న పనికీ ఆయన నూరుగురు సభ్యుల సమ్మతి కోరాలి. సిబ్బంది ముందుగా అందరి కార్యాలయాలకూ సమాచారం పంపి అభ్యంతరాలు తెలుసుకుంటారు. సాయంత్రం సభ ముగిసే ముందు నాయకుడో, ఆయన తరఫున మరొకరో లేచి, మరునాడు ఎన్ని గంటలకు సమావేశం కావాలి, ప్రార్థన తరువాత ఎవరెవరికి ఎంత సమయం, ఏ బిల్లు మీద చర్చ కొనసాగాలి, ఓటింగ్ ఎప్పుడు అన్నవన్నీ బహిరంగంగా చదివి, "అభ్యంతరం లేకపోతే" అంటూ సమ్మతి అడుగుతారు. ఎవరూ అడ్డు చెప్పకపోతే అది సభ ఆదేశం అవుతుంది, మళ్లీ అందరి సమ్మతితో తప్ప దాన్ని మార్చడానికి వీలుండదు. 1955 నుంచి 1961 దాకా నాయకుడిగా ఉన్న లిండన్ జాన్సన్ ఈ ఒప్పందాలను ఆయుధంగా మలచుకున్నాడు. ఆయన తరువాత 16 ఏళ్లు ఆ స్థానంలో ఉన్న మైక్ మాన్స్‌ఫీల్డ్ మెడలు వంచకుండా ఓపికతో పని జరిపించినవాడిగా పేరు తెచ్చుకున్నాడు.

దీనికి మూల్యం పెద్దదే. ఒక్కరు కాదంటే బండి ఆగుతుంది. అప్పుడు 16 మంది సంతకాలతో చర్చ ముగింపు తీర్మానం పెట్టి, మధ్యలో ఒక రోజు ఆగి, 60 ఓట్లు సంపాదించి, ఆ పైన మరో 30 గంటల వరకు వేచి ఉండాలి. 2023లో అలబామా సెనెటర్ టామీ ట్యూబర్‌విల్ ఒక్కరే 400కు పైగా సైనికాధికారుల పదోన్నతులను నెలల తరబడి ఆపగలిగారు. ఆయన అభ్యంతరం ఆ అధికారుల మీద కాదు, రక్షణశాఖ విధానం మీద. ఇంటిపెద్ద మీద అలిగి పెళ్లి భోజనాలు ఆపినట్టుంది ఆ వ్యవహారం.

రాజ్యసభలో గడియారం అధ్యక్షుడిది. ఏ బిల్లుకు ఎన్ని గంటలో ఆయన అధ్యక్షతన 11 మంది సభ్యుల సభా కార్యకలాపాల సలహా సంఘం తేలుస్తుంది, ఆ గంటలను పార్టీల బలాన్ని బట్టి పంచుతారు. శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర గంటలు ప్రైవేటు సభ్యులవి. ఉదయం 11 గంటలకు మొదలయ్యే ప్రశ్నోత్తరాల సమయం రోజూ గందరగోళంలో కొట్టుకుపోతుంటే, అప్పటి అధ్యక్షుడు హమీద్ అన్సారీ 2014లో దాన్ని మధ్యాహ్నం 12 గంటలకు జరిపారు. సెనెట్ అధ్యక్ష స్థానానికి ఇటువంటి మార్పు ఊహకైనా అందదు. ఇక్కడ సభానాయకుడు, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి ప్రభుత్వానికి కావలసినది అడుగుతారు, బేరం ఆడతారు, కానీ గంట కొట్టేది వారు కాదు.

చిన్న పార్టీకి ఈ పద్ధతిలో నాలుగు నిమిషాలైనా ఖాయంగా దక్కుతాయి, ఒక్కడి అలక వల్ల సభ స్తంభించదు. దీని బలహీనత ఎక్కడుందో మన తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. 2014 ఫిబ్రవరి 20న ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లు రాజ్యసభకు వచ్చినప్పుడు ప్రతిపక్ష బీజేపీ మద్దతు లేకుండా అది గట్టెక్కే వీలు లేదు. ఆ సభకు నాయకుడు కూడా అయిన ప్రధాని మన్మోహన్ సింగ్ లేచి, మిగిలిన ఆంధ్రప్రదేశ్‌కు ఐదేళ్లపాటు ప్రత్యేక హోదా ఇస్తామని ప్రకటించారు. వెంకయ్యనాయుడు పదేళ్లు కావాలన్నారు. సవరణ ఏదైనా నెగ్గితే బిల్లు మళ్లీ లోక్‌సభకు వెళ్లాలి, సమావేశాల గడువేమో మరునాడే తీరిపోతుంది. సవరణలు మూజువాణి ఓటుతో వీగిపోయాయి, బిల్లు నెగ్గింది, హోదా మాత్రం బిల్లులో లేని మాటగానే మిగిలి, పదేళ్లకు పైగా రాజకీయ వాదనగా నలుగుతూనే ఉంది. సెనెట్ ఒప్పందం కూడా సభ నడిపే తీరునే కట్టడి చేస్తుంది తప్ప వాగ్దానాలను అమలు చేయించదు, నిజమే. అయినా అటువంటి చోట మద్దతిచ్చే పక్షం ముందుగా అడిగేది సవరణ మీద పేరుపేరునా ఓటింగ్, దాన్ని ముందే సభ రికార్డులోకి ఎక్కించుకుంటుంది.

2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లుల మీద చెలరేగిన రగడకు కూడా మొదటి నిప్పురవ్వ కాలమే. కోవిడ్ కారణంగా సభ మధ్యాహ్నం ఒంటి గంట వరకే. చర్చను మరునాటికి వాయిదా వేయాలని ప్రతిపక్షం కోరితే, ఏకాభిప్రాయం కుదరకుండానే సభ ఉపాధ్యక్షుడు సమయం పొడిగించారు, ఓటింగ్ కోరిన గొంతులు గోలలో కలిసిపోయాయి. మరునాడు ఎనిమిది మంది సభ్యులు సస్పెండ్ అయ్యారు. పొడిగింపునకు అందరి సమ్మతి కావాలనే సెనెట్ నియమం ఆ రోజు ఉంటే బిల్లులు నెగ్గేవో లేదో గానీ, మైకులు విరిగేదాకా మాత్రం వచ్చేది కాదని నా అభిప్రాయం.

గంట అధ్యక్షుడి చేతిలో ఉన్నా, సభానాయకుడు కలిసిరాకపోతే అది మోగదు. 2025 జూలై 21న సలహా సంఘం సాయంత్రం నాలుగున్నరకు రెండోసారి కూడినప్పుడు సభానాయకుడు నడ్డా గానీ, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి గానీ రాలేదు. ముందే కబురు పంపామని నడ్డా తరువాత అన్నారు. ఆ రాత్రే అధ్యక్షుడు ధన్‌ఖడ్ ఆరోగ్య కారణాలు చూపి రాజీనామా చేశారు. ఈ రెండింటికీ సంబంధం అంటగట్టడం నా ఉద్దేశం కాదు. నాయకుడు రాని సలహా సంఘం ఆ రోజు పని తేల్చలేకపోయిందన్నంత వరకే నా మాట.

బ్రిటన్ ప్రభువుల సభది మూడో దారి. అక్కడ లార్డ్ స్పీకర్‌కు సభ్యులను పిలిచే అధికారం కూడా లేదు, ప్రభుత్వ చీఫ్ విప్ ప్రతిపక్షంతో తెరవెనుక మాట్లాడుకుని రోజును కూర్చుతాడు. శతాబ్దాల మర్యాద మీద నడిచే ఆ పద్ధతిని మనం అరువు తెచ్చుకోలేం.

మన తెలంగాణ మండలి 40 మందిది. ఎమ్మెల్యేలు ఎన్నుకున్నవారు 14, స్థానిక సంస్థల వారు 14, పట్టభద్రుల ప్రతినిధులు ముగ్గురు, ఉపాధ్యాయుల ప్రతినిధులు ముగ్గురు, గవర్నర్ నామినేట్ చేసినవారు ఆరుగురు. కోరానికి పదిమంది చాలు. ఇంత చిన్న సభలో ఒక్కరి అభ్యంతరంతో పని ఆగిపోయే సెనెట్ పద్ధతి వస్తే వారం తిరగకముందే తాళం వేయాలి. పైగా మండలి ఒక బిల్లును మొదట మూడు నెలలు, తరువాత ఒక నెల మాత్రమే ఆపగలదు. ఆపే శక్తి కొంచెమే అయినప్పుడు, ఆ కొద్ది కాలంలో చర్చ సవ్యంగా జరగడమే దానికి మిగిలే విలువ. మండలిలో సంఖ్యాబలం లేక చికాకుపడిన ప్రభుత్వాలు ఏం చేస్తాయో ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనూ, మూడు రాజధానుల బిల్లులు సెలెక్ట్ కమిటీకి వెళ్లిన 2020 జనవరిలోనూ చూశాం. మొదటిసారి మండలి రద్దయింది, రెండోసారి రద్దు తీర్మానం చేసి మరుసటి ఏడాది వెనక్కి తీసుకున్నారు.

కనుక నా మొగ్గు రాజ్యసభ పద్ధతికే. సమయాన్ని అధ్యక్షుడు, సలహా సంఘం పంచాలి, ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి దక్కే ఐదు నిమిషాలు సభానాయకుడి దయ మీద ఆధారపడకూడదు. సెనెట్ నుంచి మాత్రం ఒక్క అలవాటు తెచ్చుకోవచ్చు. సభ ముగిసే ముందు సభానాయకుడు లేచి, రేపటి అంశాలను, ఒక్కోదానికి కేటాయించిన నిమిషాలను, ఓటింగ్ వేళను చదివి రికార్డులోకి ఎక్కించాలి, ఆ పైన సమయం పొడిగించాలంటే సభ సమ్మతి అడగాలి. దీనికి చట్టం మార్చనక్కరలేదు, రోజుకు ఐదు నిమిషాలు చాలు.