లేజర్ లైటు మసకబారింది: మామూలు సెల్లా, ఛార్జింగ్ సెల్లా, లిథియమా... ఏది మేలు?

పోయిన డిసెంబర్‌లో ఇరవై మంది పిల్లల్ని వెంటబెట్టుకొని గండికోటకు పోయాం. జమ్మలమడుగు నుంచి 15 కిలోమీటర్లే గానీ అక్కడి చీకటి వేరు. కృత్తిక నడినెత్తికి వచ్చింది. మా జేజి దాన్ని పిల్లలకోడి అనేది. "అదిగో పిల్లలకోడి" అంటూ ఆకుపచ్చ లేజర్ ఎత్తి నొక్కాను. చుక్కల దాకా పోయినట్టు కనిపించాల్సిన గీత వేపచెట్టు కొమ్మల్లోనే కరిగిపోయింది. "సార్, మీ సెల్లు అయిపోయినాయి" అన్నాడు వెనక నుంచి ఒకడు. ఆ పొద్దున్నే ఛార్జింగ్ నుంచి తీసిన సెల్లు అవి. వాడి మాట ఎంతవరకు నిజమో తేల్చుకోవడానికి నాకు నెల పట్టింది.

నాది రెండు ట్రిపుల్ ఏ సెల్లతో, అంటే రిమోట్‌లో వేసే సన్న సెల్లతో నడిచే పెన్ను రకం. ఈ రకంలో ఆకుపచ్చ కాంతి నేరుగా పుట్టదు. మొదట ఒక డయోడ్ 808 నానోమీటర్ల (కాంతి అల పొడవుకు కొలత) పరారుణ కాంతిని ఇస్తుంది. అది కంటికి కనపడదు. ఒక స్ఫటికం దాన్ని పీల్చుకొని 1064గా వదులుతుంది, రెండో స్ఫటికం దాన్ని సగం చేసి 532కు తెస్తుంది. మనం చూసే పచ్చగీత ఆ 532. ఎర్ర లేజర్‌లో ఇంత తతంగం లేదు, డయోడే 650 దగ్గర ఎర్రగా వెలుగుతుంది. అందుకే సెల్లు నీరసించినా ఎర్రది ఏదో గుడ్డిదీపంలా లాక్కొస్తుంది. పచ్చది అట్లా కాదు, కరెంటు కొంచెం తగ్గితే వెలుగు చాలా పడిపోతుంది.

ఇక సెల్ల సంగతి. ఎవరిని అడిగినా "ఛార్జింగ్ సెల్ 1.2 వోల్టులే కదా, ఆల్కలైన్ (ఛార్జింగ్ లేని మామూలు సెల్) అయితే 1.5, అందుకే మసక" అంటారు. సగమే నిజం. జతకు లెక్క వేస్తే అది 2.4, ఇది 3.0. డయోడ్‌కే దాదాపు 2 వోల్టులు పోతాయి, చవక పెన్నుల్లో వోల్టేజి పెంచే సర్క్యూట్ ఉండదు. అంటే ఛార్జింగ్ జతకు చేతిలో మిగిలేది 0.4, ఆల్కలైన్ జతకు నిండు 1 వోల్టు. కాగితం మీద ఆల్కలైనే గెలిచింది.

కానీ సెల్ కాగితం మీద పనిచేయదు. లేజర్ దాదాపు 300 మిల్లీ ఆంపియర్లు లాగుతున్నప్పుడు మల్టీమీటర్ పెట్టి చూశాను. కొత్త ఆల్కలైన్ ఖాళీగా ఉన్నప్పుడు 1.58 చూపింది, బటన్ నొక్కగానే 1.4కు దిగింది. ఆపుతూ నొక్కుతూ మొత్తం పావుగంట వాడేసరికి 1.25. ఛార్జింగ్ సెల్, అంటే నికెల్ మెటల్ హైడ్రైడ్, ఛార్జర్ నుంచి తీయగానే 1.38 ఉంది, నొక్కితే 1.25 అయింది. ఆ తర్వాత దాదాపు చివరిదాకా 1.2 దగ్గరే మొండిగా కూర్చుంది. ఆల్కలైన్ పెళ్లికొడుకులా వచ్చి పావుగంటలో అలిసిపోతుంది. ఇదేమో మొదట్నుంచీ ఒక పాలు తక్కువే వెలిగినా, గంటసేపు అదే వెలుగు ఇస్తుంది. గంట క్లాసు చెప్పేవాడికి ఛార్జింగ్ సెల్లే మేలని నా తీర్మానం.

మూడు నెలలకొకసారి తీసేవాడికి మాత్రం కాదు. పాత రకం ఛార్జింగ్ సెల్ ఊరికే పెట్టినా దానంతట అదే దిగిపోతుంది, కొన్ని నెలల తర్వాత తీస్తే చాలావరకు ఖాళీ. 2005లో సాన్యో కంపెనీ ఎనెలూప్ పేరుతో తెచ్చిన రకం, ఆ దారిలో తర్వాత వచ్చినవి, ఏడాది పక్కన పెట్టినా ఎక్కువ భాగం నిలుపుకుంటాయి. కొనేటప్పుడు ఎంఏహెచ్ అంకె (సెల్‌లో ఎంత ఛార్జి పడుతుందో చెప్పేది) పెద్దదా అని కాదు, ఈ రకమా కాదా అని చూడండి. ఆల్కలైన్ అల్మరాలో ఏళ్లు ఉంటుంది నిజమే, కానీ లేజర్ లోపలే వదిలేస్తే కారుతుంది. గోడగడియారంలో వేసే చవక కార్బన్ జింక్ సెల్లు అసలు లెక్కలోకే రావు, ఇంత కరెంటు లాగితే నిమిషాల్లో కూలబడతాయి.

అయితే గండికోటలో నా లేజర్‌ను దెబ్బకొట్టింది సెల్లు కాదు. ఇంటికొచ్చి మూత విప్పి, టార్చి వేసి చూస్తే స్ప్రింగు మొదట్లో పచ్చగా చిలుము, మూత బిగించే మరల మీద నల్లటి జిడ్డు. పెన్ను లేజర్‌లో కరెంటు ఒక వైపు ఆ లోహపు ఒంటి గుండానే తిరిగి వెళ్తుంది, కాబట్టి మరలే తీగ. అక్కడ అర ఓమ్ అడ్డం ఉందనుకోండి, 0.3 ఆంపియర్లకు 0.15 వోల్టులు అక్కడే ఆవిరి. చేతిలో ఉన్నదే 0.4, అందులో మూడో వంతుకు పైగా చిలుము పాలు. ఆల్కలైన్ వేసుకున్నవాడికి ఈ నష్టం తెలియను కూడా తెలియదు, వాడి దగ్గర 1 వోల్టు ఉంది కదా. ఛార్జింగ్ సెల్లకు చెడ్డపేరు రావడానికి సగం కారణం ఇదే అనుకుంటాను.

తేల్చుకోవడం తేలికే. మూత తీసేసి, చిన్న రాగితీగ ముక్కతో సెల్ అడుగును గొట్టం అంచుకు తాకించి, లేజర్‌ను గోడవైపు పెట్టి నొక్కండి. వెలుగు పెరిగిందా, తప్పు మూతది. పెరగలేదా, ముందుకు పోవాలి. సెల్ కారిన తెల్లటి పొడి ఉంటే నిమ్మరసంలో ముంచిన దూదిపుల్లతో తుడిచి, తడిగుడ్డ పెట్టి, పూర్తిగా ఆరనివ్వాలి. చిలుముకు పిల్లల రబ్బరు చాలు, గట్టిగా రుద్దితే స్ప్రింగు కొస మెరుస్తుంది. ముందు అద్దం మీద వేలిముద్ర ఉన్నా గీత పలచబడుతుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చుక్కతో తుడవండి. సెల్లు బయటికి తీశాకే సుమా. సెల్లు లోపల ఉండగా ఆ బెజ్జంలోకి కన్ను పెట్టి చూసే అలవాటు ఎవరికైనా ఉంటే ఈ రోజే మానుకోండి.

స్ప్రింగు బాగుచేశాక కూడా ఒక అనుమానం మిగిలింది. ఆ రాత్రి లోయ మీది నుంచి చలిగాలి కొడుతుంటే లేజర్‌ను అరచేతిలో బిగించి జేబులో పెట్టుకున్నాను. రెండు నిమిషాల తర్వాత తీస్తే గీత కొంచెం కోలుకుంది. సెల్లు అవే, చిలుము అదే, మారింది వేడి ఒక్కటే. డయోడ్ రంగు ఒక్కో డిగ్రీకి దాదాపు 0.3 నానోమీటర్లు జరుగుతుంది. 10 డిగ్రీలు చల్లబడితే 808 కాస్తా 805కు వచ్చేస్తుంది, స్ఫటికం దాన్ని సరిగా పీల్చుకోదు. ఎండాకాలంలో దీనికి తలకిందులు. అనంతపురం మే నెలలో మేడ మీద ఆపకుండా నొక్కి పట్టుకుంటే లోపల వేడెక్కి మసకబారుతుంది. పది సెకన్లు వెలిగించి కాసేపు ఆపితే సర్దుకుంటుంది. చలికి, వేడికి సెల్ మార్చడం కాలినొప్పికి కళ్లజోడు మార్చినట్టు.

మూడో దారి లిథియం. ఇక్కడ రెండు వేరువేరు విషయాలను జనం కలిపేస్తారు. 10440 అని ఒక లిథియం సెల్ ఉంది, సైజు అచ్చం ట్రిపుల్ ఏ. కానీ అది 3.7 వోల్టులు, నిండుగా ఉంటే 4.2. "పట్టింది కదా" అని రెండు వేస్తే 8.4 వోల్టులు. డయోడ్ ఒక్క క్షణం మెరిసి, ఇక మెరవదు. మసకబారిన లేజర్‌కు ఇది మందు కాదు, దినం.

18650 అనే లావుపాటి లిథియం సెల్ కోసమే తయారైన లావు లేజర్లు వేరు. వాటికి లిథియమే సరి: ఒక్క సెల్, ఎక్కువసేపు, బరువు పనికి భయపడదు. చిక్కల్లా సెల్ కొనడంలోనే. నేను తెప్పించిన జత మీద 9800 ఎంఏహెచ్ అని మెరిసే అక్షరాలు. పేరున్న కంపెనీల మంచి 18650లే 3500 అటూఇటూ దగ్గర ఆగుతాయి. అనుమానమొచ్చి ప్రొద్దుటూరులో తెలిసిన బంగారు అంగడికి తీసుకుపోయాను. "ఏంది సామీ, ఉంగరం తెస్తావనుకుంటే సెల్లు తెస్తివి" అని నవ్వుతూనే కాటా మీద పెట్టాడు. 31 గ్రాములు. మంచి 18650 దాదాపు 45 గ్రాములు తూగుతుంది. తగ్గిన 14 గ్రాముల్లో సరుకు లేదు, ఖాళీ ఉంది. వోల్టేజి చూస్తే 4.1, తప్పు పట్టడానికే లేదు. లేజర్ నొక్కితే 3.3కు జారింది. మసక ఎక్కడినుంచి వచ్చిందో చెప్పడానికి ఇక మీటర్ అక్కర్లేదు. ఇంకో మాట, రక్షణ సర్క్యూట్ ఉన్న 18650 కాస్త పొడవు, కొన్ని గొట్టాల్లో మూత పూర్తిగా బిగియదు. తల చదునుగా ఉన్నవి కొన్నిట్లో ముందు రేకును తాకవు. ఎండలో నిలబెట్టిన కారులో లిథియం సెల్ వదలొద్దని రాయలసీమ వాళ్లకు వేరే చెప్పాలా.

లోపలి చిన్న స్క్రూ తిప్పితే కరెంటు పెరిగి వెలుగు పెరుగుతుందని చూపించే వీడియోలున్నాయి. పెరుగుతుంది కూడా, కొన్నాళ్లు. ఆ తర్వాత డయోడ్ చచ్చి, చవక ఎల్ఈడీలా మినుకుతుంది. నేను తిప్పలేదు, తిప్పమనను.

మరి ఏది మేలంటే, రెండు సన్న సెల్ల పెన్ను లేజర్‌కు నా ఓటు ఊరికే పెట్టినా తొందరగా దిగిపోని రకం ఛార్జింగ్ సెల్లకే, స్ప్రింగు శుభ్రంగా ఉన్నంతవరకు. చలిరాత్రి బయటికి పోతే లేజర్‌ను లోపలి జేబులో పెట్టుకుంటాను, వేరే జేబులో ఒక ఆల్కలైన్ జత అదనం. కొత్తగా కొనేవాళ్లు నేరుగా ఒక్క మంచి 18650తో నడిచేది చూసుకోండి, సెల్ మాత్రం తూకం వేయించుకొని. చుక్కలు చూపడానికి 5 మిల్లీవాట్లు దాటనిది చాలు. ఆకాశంలో కదిలే చుక్క కనపడితే వేలు తీసేయాలి, అది విమానం కావచ్చు.

నా దగ్గర ఇంకో పచ్చ లేజర్ ఉంది, రెండేళ్ల కింద రాతి మెట్ల మీద పడింది. సెల్లు మార్చాను, స్ప్రింగు గీకాను, వేడి చేశాను, ఏం చేసినా మసకే. లోపల స్ఫటికాలు వరస తప్పినట్టున్నాయి. ఇట్లాంటి దాంట్లో పచ్చ తగ్గినా, కంటికి కనపడని 808 మాత్రం అట్లాగే బయటికి రావచ్చు. చవక వాటిలో దాన్ని ఆపే ఫిల్టర్ చాలాసార్లు ఉండదు. మసకగా ఉంది కదా, ఏం కాదులే అని పిల్లలు దాంతో ఆడుకోబోతే లాక్కొని సెల్లు పీకేశాను. ఇప్పుడు అది బీరువా పైన, సెల్లు లేకుండా ఉంది.