పిల్లులకి టీవీ, నాకు నైట్ షిఫ్ట్: కార్నెల్ ఫీడర్‌వాచ్ కెమెరా

నాకు షిఫ్ట్ సాయంత్రం ఆరున్నరకి మొదలు. ల్యాప్‌టాప్ తెరిచానో లేదో, మా పిల్లి జాంగ్రీ వచ్చి కీబోర్డ్ మీద పడుకుంటుంది, రెండో పిల్లి కాటుక మౌస్ వైరు కొరుకుతుంది. ఈ గోల తప్పించుకోవడానికే పిట్టల వీడియోలు పెట్టడం మొదలుపెట్టాను.

ముందు పిల్లుల కోసమని ప్రత్యేకంగా చేసిన ఒక ఎనిమిది గంటల వీడియో పెట్టాను. పావుగంట ముక్కనే తిప్పి తిప్పి వేస్తున్నారు, పైగా వెనక పియానో. కాటుక రెండు రోజుల్లో పసిగట్టేసింది. అదే పిట్ట అదే కొమ్మ మీద మూడోసారి వాలేసరికి లేచి వచ్చి మళ్ళీ నా వైరు పట్టుకుంది.

ఆ తర్వాత దొరికింది యూట్యూబ్‌లో కార్నెల్ ల్యాబ్ ఆఫ్ ఆర్నిథాలజీ (అమెరికాలో పక్షుల మీద పరిశోధన చేసే సంస్థ) వాళ్ళ ఫీడర్‌వాచ్ లైవ్. న్యూయార్క్ రాష్ట్రంలో ఇథాకా దగ్గర శాప్‌సకర్ వుడ్స్ అనే చోట గింజల తొట్లు వేలాడదీసి కెమెరా పెట్టారు. వెనకాల చెరువు. సంగీతం లేదు, మాటలు లేవు, పైసా ఖర్చు లేదు. ఒక్కోసారి చాలాసేపు ఒక్క పిట్టా రాదు. అదే దీని గొప్పతనం. ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టి పిల్లి కదలకుండా కాపు కాస్తుంది. నాకు కావలసిందీ అదే.

జాంగ్రీకి చికడీ అంటే పిచ్చి. నల్ల టోపీ పెట్టుకున్నట్టుండే బుల్లి పిట్ట. వస్తుంది, ఒక్క గింజ తీసుకుంటుంది, తుర్రుమంటుంది, ఎక్కడో కొమ్మ మీద కూర్చుని కొట్టుకు తింటుంది. అది మాయమైన ప్రతిసారీ జాంగ్రీ దవడ వణికిస్తూ 'కెకెకెకె' అంటుంది. బ్లూ జే అలా కాదు, పెళ్ళి భోజనానికి సంచీతో వచ్చినట్టు గొంతులో గింజలు కుక్కుకుని మరీ పోతుంది. మోర్నింగ్ డవ్ అనే గువ్వ తొట్లోనే చతికిలబడుతుంది. అది వస్తే కాటుకకి నిద్రొస్తుంది. బాల్కనీ వల బయట రోజూ చూసే పావురాల్లాగే ఉంది కదా, కొత్తేముంది అనుకుంటుందేమో. ఎర్రటి మగ కార్డినల్ వస్తే మాత్రం నేనే పని ఆపి చూస్తాను. పిల్లులకి ఎరుపు సరిగా ఆనదు, వాటికి అదో మట్టిరంగు పిట్ట. ఎండాకాలం మొదట్లో మగది గింజ వలిచి ఆడదాని నోట్లో పెడుతుంటే ఇంట్లో చూసింది నేనొక్కదాన్నే.

టైమింగ్ చూసుకోవాలి. మనకీ వాళ్ళకీ ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. డిసెంబర్‌లో సాయంత్రం ఐదుకి పెడితే అక్కడింకా తెల్లారదు, చీకటి తెర చూసి పిల్లులు మన మీద విసుక్కుంటాయి. ఆరున్నరకైతే అక్కడ ఉదయం ఎనిమిది, తొట్ల దగ్గర రద్దీ.

ఇంకో జాగ్రత్త, టీవీని ముందు గోడకి బిగించుకోండి. మాది బల్ల మీద ఉండేది. పిట్టల మేతకని కట్టిన కొవ్వు ముద్దకి వేలాడుతున్న వడ్రంగిపిట్ట మీదకి జాంగ్రీ ఎగిరిన రోజు టీవీ ముందుకి ఒరిగింది, కుర్చీ అడ్డం ఉండబట్టి బతికింది. కుడివైపు మూలన గోటి గీత ఇప్పటికీ ఉంది. ఆపేసేముందు నేను బూటు లేసు ముక్క ఆడించి, చివర్లో నిజంగా పట్టుకోనిస్తాను. లేకపోతే రాత్రంతా టీవీ వెనక వెతుకులాటే.

ఐదుకి నాలుగున్నర ఇస్తాను. అర మార్కు తగ్గించింది గ్రాకిల్స్ అనే పిట్టల వల్ల. నల్లగా నిగనిగలాడుతూ గుంపుగా దిగి, తుప్పు పట్టిన గేటు తీసినట్టు అరుస్తాయి. మొన్న క్లయింట్ కాల్‌లో మ్యూట్ చేయడం మర్చిపోయాను. ఒహాయోలో ఉండే ఆయన రిపోర్ట్ సంగతి వదిలేసి, "హైదరాబాద్‌లో కూడా గ్రాకిల్స్ ఉంటాయా?" అని అడిగాడు.