హాలీ నియర్, క్రిస్ విలియమ్‌సన్: ముందు ఎవరిని వినాలి?

అమెరికా విమెన్స్ మ్యూజిక్ (ఆడవాళ్లే ఆడవాళ్ల కోసం రాసి, పాడిన పాటల ఉద్యమం) గురించి ఎప్పుడు రాసినా ఇదే అడుగుతున్నారు. ఇద్దరూ పెద్ద కంపెనీల మీద ఆధారపడకుండా దశాబ్దాల పాటు పాడినవాళ్లే కాబట్టి, ఎవరు గొప్ప అన్న లెక్కలోకి నేను వెళ్లను. ఎవరితో మొదలుపెడితే మంచిదో మాత్రం చెప్పగలను.

ఒక్క ఆల్బమ్ విని ఊరుకుందాం అనుకుంటే క్రిస్‌నే వినండి. 1973లో ఒక రేడియో ఇంటర్వ్యూలో ఆడవాళ్లే ఒక రికార్డు కంపెనీ పెట్టొచ్చు కదా అని ఆమె అన్న మాటలోంచే ఒలీవియా రికార్డ్స్ పుట్టింది. 1975లో అదే కంపెనీ తెచ్చిన ‘ద ఛేంజర్ అండ్ ద ఛేంజ్డ్’లో ఆ పియానో, ఆ గొంతు మనసును నెమ్మదింపజేస్తాయి. బాణీల అందంలో హాలీ ఆమెకు సాటి రాదు.

అయినా నా ఓటు హాలీకే. నాకు ముఖ్యం ఒక్కటే: గాయని తన పాటలో ఇంకొకరికి ఎంత చోటిచ్చింది అన్నది. హాలీ 1972లో పెట్టుకున్న రెడ్‌వుడ్ రికార్డ్స్ తన పాటల దగ్గరే ఆగిపోలేదు. స్వీట్ హనీ ఇన్ ద రాక్ లాంటి నల్లజాతి మహిళల బృందం రికార్డు కూడా తెచ్చింది. చిలీలో సైనిక పాలన మాయం చేసిన ఆడవాళ్ల మీద ఆమె కట్టిన పాటలో వాళ్ల పేర్లే ఒక్కొక్కటిగా వినిపిస్తాయి. అది విన్నప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది. 1978 నవంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో స్వలింగ సంపర్కుల హక్కుల నాయకుడు హార్వీ మిల్క్‌ను, మేయర్ మోస్కోనీని కాల్చి చంపాక రాసిన ‘సింగింగ్ ఫర్ అవర్ లైవ్స్’లో చరణం చరణానికీ మారేది కొద్ది మాటలే. మొదటిసారి విన్నవాళ్లు కూడా రెండో చరణానికి గొంతు కలిపేయొచ్చు. అందుకే అది ఊరేగింపుల్లోకీ, చర్చి పాటల పుస్తకంలోకీ కూడా వెళ్లింది.

రానీ గిల్బర్ట్ సంగతీ చెప్పాలి. వీవర్స్ అనే జానపద బృందంలో పాడి, కమ్యూనిస్టులన్న ముద్రతో అవకాశాలు మూసేసే బ్లాక్‌లిస్టు దెబ్బ తిన్న గాయని ఆమె. ముఖపరిచయం కూడా లేని రోజుల్లోనే హాలీ తన ఆల్బమ్ ఒకటి ఆమెకు అంకితమిచ్చింది. ఆ తర్వాత ఇద్దరూ కలిసి ఊరూరా కచేరీలు చేశారు.

హాలీ ఆల్బమ్‌లు కొన్నింటిలో వాద్యాల హంగు ఇప్పుడు పాతబడిపోయింది, అది ఒప్పుకోవాలి. కానీ నాటకాల్లో ఆరితేరిన గొంతు కాబట్టి ప్రతి మాటా విడిగా వినిపిస్తుంది. ఇంగ్లిష్ పాటల్లో మాటలు అందవని టెన్షన్ పడే మనవాళ్లకు అది చాలా మేలు.

కెనడా గాయని ఫెర్రన్‌ను కూడా కొందరు అడిగారు. ఆమె మాటల కోసం వినాలి, అయితే పాట సాహిత్యం ఎదురుగా పెట్టుకోండి. ఆనీ డిఫ్రాంకో తర్వాతి తరం గాయని, ఆమె గిటార్ వేగం నచ్చితే నేరుగా అక్కడికే వెళ్లొచ్చు.

హాలీని ఎక్కడ మొదలుపెట్టాలంటే, రానీతో కలిసి పాడిన 1983 నాటి ‘లైఫ్‌లైన్’ దగ్గర. అది కచేరీ రికార్డింగు, స్టూడియో హంగులేవీ అడ్డురావు.