పాత స్టూడెంట్ మైక్రోస్కోప్: ఇత్తడి లైట్జా, నల్లటి బాష్ అండ్ లాంబా?

పాత మైక్రోస్కోప్ కొందామనుకునేవాళ్లు నన్ను అడిగేది ఎప్పుడూ ఇదే. అడిగేసరికే చాలామంది మనసు ఇత్తడి మీద పడిపోయి ఉంటుంది.

వంశం చూస్తే రెండూ గట్టివే. జర్మనీలోని వెట్స్‌లార్‌లో కార్ల్ కెల్నర్ 1849లో పెట్టిన సంస్థ 1869లో ఎర్నెస్ట్ లైట్జ్ చేతికొచ్చింది. 1907లో లక్షో మైక్రోస్కోప్‌ను సూక్ష్మజీవుల శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్‌కు కానుకగా ఇచ్చారు. కాబట్టి గొట్టం మీది నంబరు లక్షలోపుంటే అది ఇంచుమించు 1907కు ముందుదే. అమెరికాలోని రాచెస్టర్‌లో జాన్ జేకబ్ బాష్ 1853లో కళ్లద్దాల కొట్టు పెడితే, స్నేహితుడు హెన్రీ లాంబ్ 60 డాలర్లు సర్దాడు. మైక్రోస్కోపులు 1870ల్లో మొదలయ్యాయి. వీళ్ల వాటి మీద 1876 అని కనబడితే అది పేటెంట్ తేదీ. తయారైన ఏడాదిగా చూపించి ధర పెంచేవాళ్లుంటారు, జాగ్రత్త.

నా లెక్కలో తేల్చేది ఫైన్ ఫోకస్, అంటే బొమ్మ స్పష్టంగా కనబడేలా కొంచెం కొంచెంగా సర్దే మర. పాత ఇత్తడి నమూనాల్లో ఆ మర స్తంభం నెత్తిన ఉంటుంది. గొట్టం, దాన్ని మోసే చెయ్యి రెండూ దాని మీదే ఆధారపడి కదులుతాయి. పిల్లలేమో ఆ చెయ్యి పట్టుకునే బల్ల మీంచి బల్ల మీదికి మోసేవాళ్లు. బరువంతా ఆ సున్నితమైన మర మీద పడి అరిగిపోయేది. 1898లో జర్మనీలోనే మరో మైక్రోస్కోపుల సంస్థ జైస్‌లో మాక్స్ బెర్గర్ పిడి ఉన్న నమూనా తెచ్చాక ఈ బాధ తగ్గింది. తర్వాతి బాష్ అండ్ లాంబ్ నల్ల మైక్రోస్కోపుల్లోనూ పట్టుకోను పిడి, పక్కన ఫైన్ ఫోకస్ బిళ్లలు ఉంటాయి. తరగతి గదిలో నలిగినవాటిలో ఇప్పటికీ పనిచేసేవి ఇవే ఎక్కువ. లైట్జ్‌లోనూ పిడి రకం వచ్చింది. అది దొరికితే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు.

ఆబ్జెక్టివ్ (స్లైడుకు దగ్గరగా ఉండే కటకం) పోయిందని దిగులు వద్దు. రాయల్ మైక్రోస్కోపికల్ సొసైటీ 1858లో ఖాయం చేసిన మరచుట్టే ఇప్పటికీ నడుస్తోంది, వేరేది బిగించుకోవచ్చు. అరిగిన ఫైన్ ఫోకస్‌కు విడిభాగం ఎక్కడ వెతుకుతారు? హై పవర్‌లో స్లైడు పెట్టి బిళ్లను అటూ ఇటూ తిప్పండి. బొమ్మ గెంతితే వదిలేయండి. బిళ్ల అసలు కదలకపోతే మాత్రం అది గడ్డకట్టిన గ్రీజు కావచ్చు, బలవంతంగా తిప్పొద్దు.

గొట్టం పొడవు లైట్జ్‌కు 170 మిల్లీమీటర్లు, బాష్ అండ్ లాంబ్‌కు 160. స్కూలు రకం ఆబ్జెక్టివ్‌లు చాలావరకు 160కి చేసినవే, ఇక్కడా నా మొగ్గు నలుపు వైపే. లైట్జ్‌లో లోపలి గొట్టం జరిగేదైతే సర్దుకోవచ్చు.

అలమరలో పెట్టుకోవడానికైతే ఇత్తడి లైట్జే అందం. చింతపండుతో మాత్రం తోమకండి, పైనున్న లక్క పూత పోతుంది.

లండన్ వాట్సన్ వాళ్ల ఎడిన్‌బరో స్టూడెంట్స్ మంచిదే, సరసమైన ధరకు కనబడితే చూడండి. జైస్ అయితే పేరుకే సగం డబ్బు.