గోవాలో స్కూబా ప్యాకేజీ కొనేవాళ్లకు హెచ్చరిక

గోవా వెళ్తున్నవాళ్లు, అందులోనూ పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్తున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. బాగా బీచ్ దగ్గర ఒక ఏజెంటు మాకు గ్రాండ్ ఐలాండ్ అనే దీవి ప్యాకేజీ అమ్మాడు. పడవ, స్కూబా (గాలి సిలిండరుతో నీళ్లలోపలికి దిగడం), భోజనం, వీడియో అన్నీ అందులోనే అన్నాడు. డబ్బు మొత్తం ముందే కట్టించుకుని, సంస్థ పేరు కూడా లేని చీటీ చేతిలో పెట్టాడు.

పడవెక్కాక వీడియోకి వేరే డబ్బులన్నారు. ఫోన్లో చూపించిన తేటనీళ్లు అక్కడ లేవు. మసకనీళ్లలో కొద్ది నిమిషాలు ఉంచి పైకి లాగేశారు. అదంతా పోనీ అనుకోవచ్చు. మా బావగారికి ఆస్తమా. ఆరోగ్యం గురించి ఎవరూ అడగలేదు, ఏ ఫారమూ నింపించలేదు. మేమే చెబితే "ఏం కాదు సార్, దిగండి" అన్నారు! అక్క గట్టిగా అడ్డుపడబట్టి ఆయన దిగలేదు. ఆయన డబ్బూ తిరిగివ్వలేదు.

ఇది ఎంత ప్రమాదమో తెలియాలి. 10 మీటర్ల లోతులో ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. అక్కడ పీల్చిన గాలిని బిగబట్టి పైకొస్తే, అది వ్యాకోచించి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. అందుకే స్కూబాలో మొదటి నియమం ఊపిరి బిగబట్టకూడదని. మాకు ఆ మాట ఇంజను మోతలో, గబగబా హిందీలో చెప్పేశారు. పడవలో చాలామందికి అర్థమే కాలేదు.

డబ్బు కట్టేముందు ఏజెంటుని కాదు, డైవింగ్ నేర్పే సంస్థనే అడగండి: ఇన్‌స్ట్రక్టర్ సర్టిఫికెట్ ఉందా, ఒక్కొక్కరికీ ఒక ఇన్‌స్ట్రక్టర్ ఉంటాడా, నీళ్లలో ఎంతసేపు, ఆరోగ్య ఫారమ్ ఇస్తారా. డైవింగ్ శిక్షణ సంస్థ పాడీ (PADI) పద్ధతిలో 10 ఏళ్లలోపు పిల్లలను సముద్రంలో డైవింగ్‌కు దించరు. "పర్లేదు, చిన్నపిల్లలూ దిగొచ్చు" అంటే అక్కడినుంచి వచ్చేయండి. ఒక్కసారి డైవ్ చేసినా విమానం ఎక్కడానికి కనీసం 12 గంటలు ఆగాలి. కాబట్టి తిరుగు ప్రయాణం రోజు పొద్దున డైవింగ్ పెట్టుకోవద్దు.

గోవా మీద నాకు కోపం లేదు. పణజిలో ఫోంటైన్హాస్ వీధుల రంగురంగుల ఇళ్లు, చేపల కూరతో అన్నం మళ్లీ వెళ్లాలనిపించేలా ఉన్నాయి. సముద్రం విషయంలోనే ఈ గట్టి మాట.

ఇప్పటికే ఇలా మోసపోయినవాళ్లు చీటీ ఫొటో, చెల్లింపు స్క్రీన్‌షాట్ దాచుకుని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేయండి.