వారసత్వ పోరు సినిమాల్లో ఏది మేలు: ‘నవాబా’, ‘క్షత్రియ పుత్రుడా’?

తండ్రి ఆస్తి కోసమో, పెద్దరికం కోసమో ఒకే ఇంటివాళ్లు కత్తులు దూసుకునే తమిళ సినిమా ఒకటి చూడాలనుకుంటున్నామని, ‘నవాబ్’ మంచిదా ‘క్షత్రియ పుత్రుడు’ మంచిదా చెప్పమని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు. 2023 సంక్రాంతికి ‘వారసుడు’, 2025 జూన్‌లో ‘థగ్ లైఫ్’ వచ్చిన తరువాత ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. ఒక్కొక్కరికి విడివిడిగా జవాబు చెప్పడం కన్నా ఒకసారి అన్నీ పక్కపక్కన పెట్టుకుని చూసి రాయడం మేలనిపించి, గత రెండు వారాల్లో ఈ నాలుగింటినీ మళ్లీ చూశాను. పాత్రల పేర్లు తమిళ మాతృకలో ఉన్నట్లే రాస్తున్నాను. కథల మలుపులు కొన్ని చెప్పక తప్పదు గాని, ‘నవాబ్’లో అసలు దోషి ఎవరన్నది మాత్రం చెప్పను.

ఇటువంటి కథల్లో పోరాటాలు ఎంత బాగా తీశారు, మలుపులు ఎన్ని ఉన్నాయి అన్నవాటిని చాలామంది కొలమానంగా పెట్టుకుంటారు. నా దృష్టిలో అంతకు మించినది ఒకటుంది. తండ్రి కొడుకులకు ఏమిచ్చి పోతున్నాడో, ఇచ్చేటప్పుడు వాళ్లతో ఏం మాట్లాడాడో సినిమా మనకు చూపించిందా లేదా అన్నదే అది. పంపకాలు జరిగిన ఏ ఇంట్లోనైనా పొలం గెట్టు గురించి, ఇంటి వాటా గురించి నడిచే తగాదా వెనుక తండ్రి ఫలానా వాడిని ఎక్కువగా చూశాడన్న పాత బాధ ఒకటి తప్పకుండా ఉంటుంది. మా తాతగారి ఆస్తి పంచుకున్న రోజున ఎకరాల లెక్క గంటలో తేలిపోయింది గాని, ఆయన పడక కుర్చీ ఎవరింటికి వెళ్లాలన్న మాట రాగానే ఇద్దరు అన్నదమ్ములు లేచి బయటికి వెళ్లిపోయారు. ఆ కుర్చీ విలువ తెలిసిన సినిమాయే వారసత్వం మీద తీసిన సినిమా అని నేను నమ్ముతాను.

ముందుగా ‘నవాబ్’. మణిరత్నం తమిళంలో ‘చెక్క చివంద వానం’గా తీసిన ఈ చిత్రం 2018 సెప్టెంబరు 27న రెండు భాషల్లోనూ ఒకేసారి విడుదలైంది. చెన్నైలో నేరసామ్రాజ్యం నడిపే సేనాపతి (ప్రకాశ్‌రాజ్), ఆయన భార్య లక్ష్మి (జయసుధ) పెళ్లిరోజున పోలీసు దుస్తుల్లో వచ్చిన మనుషుల చేతిలో చావు తప్పించుకోవడంతో కథ మొదలవుతుంది. పెద్దకొడుకు వరదన్ (అరవింద్ స్వామి) తండ్రి దగ్గరే ఉండి పనులు చూసుకుంటాడు, రెండోవాడు త్యాగు (అరుణ్ విజయ్) దుబాయిలో, మూడోవాడు ఎత్తి (శింబు) సెర్బియాలో ఉంటారు. వీళ్లతో పాటు సస్పెండైన పోలీసు అధికారి, వరదన్ స్నేహితుడు రసూల్ (విజయ్ సేతుపతి) కథ పొడవునా పక్కనే నడుస్తూ ఉంటాడు.

థ్రిల్లర్‌గా దీనికి వంక పెట్టడం కష్టం. 143 నిమిషాల్లో ఎక్కడా ఊపిరి తీసుకోనివ్వదు. పాటలను ప్రత్యేకంగా నిలబెట్టి చిత్రీకరించకుండా రెహమాన్ స్వరాలను కథనం అడుగున ప్రవాహంలా పారనిచ్చారు. సంతోష్ శివన్ ఛాయాగ్రహణంలో చెన్నై, దుబాయి, సెర్బియా మూడూ ఒకే కుటుంబం మూడు ముక్కలైన సంగతిని మాటల కన్నా స్పష్టంగా చెబుతాయి. శ్రీకర్ ప్రసాద్ కూర్పులో ఒక కొడుకు దగ్గర మొదలైన దృశ్యం మరో కొడుకు దగ్గర పూర్తవుతుంది. దాడి చేయించింది పాత శత్రువు చిన్నప్పదాసా, ఇంటిలోపలి మనిషా అన్న సందేహం మొదటి అరగంటలోనే పుట్టి, తల్లి వడ్డించే అన్నం ముందు కూర్చున్న ముగ్గురిలో ఎవరి ముఖం చూసినా అనుమానం కలిగే స్థితికి మనను తెస్తుంది.

అయితే నా కొలమానం దగ్గరికి వచ్చేసరికి ‘నవాబ్’ తడబడుతుంది. తండ్రి కోలుకుని, ఆ తరువాత గుండెపోటుతో పోతాడు. ఈ మధ్యలో ఆయన కొడుకులతో మనసు విప్పి మాట్లాడిన సందర్భం ఒక్కటీ గుర్తుండేలా లేదు. ఆయన కుర్చీ ఎంత విలువైనదో ముగ్గురు కొడుకుల ఆకలిని చూసి మనం ఊహించుకోవలసిందే తప్ప, ఆ కుర్చీలో ఆయన కూర్చుని ఏం చేశాడో, ఎవరికి అన్నం పెట్టాడో, ఎవరి బతుకు తీశాడో మనకు తగినంతగా తెలియదు. అందువల్ల ఆయన పోయిన తరువాత మిగిలేది ఒక శూన్యం. ఆ శూన్యంలోకి ముగ్గురూ దూకుతారు, మనం ఉత్కంఠతో చూస్తాం, ఎవరు పోయినా దుఃఖం మాత్రం రాదు. ఇది దర్శకుడు కావాలనే ఎంచుకున్న దూరమని, అధికారం అంటే ఇంతే అని చెప్పడమే ఆయన ఉద్దేశమని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనను నేను గౌరవిస్తాను. జయసుధ ముఖంలో ఆ దూరం ఒక్కసారిగా చెరిగిపోయే క్షణాలు రెండు మూడు ఉన్నాయి. భర్త మీద దాడి జరిగిన నాటి నుంచి ఆమె ఒక్కో కొడుకును చూసే చూపులో తల్లి ప్రేమ, భయం కలిసిపోయి ఉంటాయి. ఆమెకు ఇంకో నాలుగు దృశ్యాలు ఇచ్చి ఉంటే ఈ సినిమా మరో మెట్టు ఎక్కి ఉండేది. పెద్దకోడలు చిత్రగా జ్యోతిక కూడా అంతే, ఉన్న కొద్దిసేపట్లోనే ఇంటి బరువంతా తన భుజాల మీద ఉన్నట్లు అనిపిస్తుంది.

ఇప్పుడు ‘క్షత్రియ పుత్రుడు’. తమిళ మాతృక ‘తేవర్ మగన్’ 1992 దీపావళికి విడుదలైంది. కమల్‌హాసన్ రాసి, నిర్మించి, నటించగా భరతన్ దర్శకత్వం వహించాడు. పి.సి.శ్రీరామ్ ఛాయాగ్రహణం, ఇళయరాజా సంగీతం. ఉత్తమ తమిళ చిత్రంతో కలిపి ఐదు జాతీయ పురస్కారాలు దీనికి దక్కాయి. మన ఇళ్లలో చాలామందికి ఇది ‘సన్నజాజి పడక’ పాట ఉన్న సినిమాగానే గుర్తు. పాట గుర్తుండి కథ మరచిపోయిన వాళ్లు మరోసారి చూడాలని నా కోరిక.

లండన్‌లో చదివి వచ్చిన శక్తివేల్ (కమల్‌హాసన్) నగరాల్లో హోటళ్లు పెట్టుకుని, ప్రేమించిన భానును పెళ్లి చేసుకుని బతకాలనుకుంటాడు. ఊరి పెద్ద అయిన తండ్రి పెరియ తేవర్ (శివాజీ గణేశన్)కూ, ఆయన సవతి తమ్ముడి కుటుంబానికీ ఏళ్లుగా వైరం. ఆ వైరంలో గుడికి తాళం పడి ఉంటుంది. ఉత్సాహం కొద్దీ శక్తి ఆ తాళం పగలగొట్టిస్తాడు. దానికి మూల్యం చెల్లించింది శక్తి కాదు, వెంట ఉన్న పనివాడు ఇసక్కి (వడివేలు). పగ తీర్చుకున్నవాళ్లు అతని చెయ్యి నరికేస్తారు. ఆస్పత్రిలో ఇసక్కి, ఇక మీదట తినేదీ కడుక్కునేదీ ఒకే చేత్తో అని చెప్పుకునే మాటలు ఒకసారి వింటే మరచిపోవడం సాధ్యం కాదు. అంతవరకు నవ్విస్తూ వచ్చిన వడివేలు ముఖం మీద ఆ నవ్వు ఇంకా పూర్తిగా చెరిగిపోకుండానే కళ్లలో నీళ్లు నిండుతాయి. పెద్దింటివాళ్ల దాయాది పోరులో తెగేది ముందుగా ఎవరి చెయ్యో ఒక్క దృశ్యంలో తేలిపోతుంది.

ఆ తరువాత ఊరు విడిచి వెళ్లిపోతానన్న కొడుకుతో తండ్రి మాట్లాడే దృశ్యం వస్తుంది. నా లెక్కలో ఈ నాలుగు సినిమాల పోటీ ఇక్కడే ముగిసిపోతుంది. వందల ఏళ్లుగా కొడవలి పట్టిన మనుషులను ఉన్నట్టుండి మారమంటే ఎలా మారతారు, మెల్లగానే వస్తారు, మనమే వాళ్లకు దారి చూపాలి అంటాడు తండ్రి. ఆ మెల్లగా రావడం ఎంత మెల్లగానో, ఈలోగా నేను చచ్చిపోయేలా ఉన్నానని కొడుకు వాపోతాడు. పోతే పో, ఎవరైనా ఒకనాడు పోవలసినవాళ్లే, విత్తనం వేసింది నేనని గుర్తుంచుకో అన్న అర్థం వచ్చేలా తండ్రి జవాబిస్తాడు. గొంతు పెంచడు, బతిమాలడు, శాపనార్థాలు పెట్టడు. శివాజీ ఆ మాటలు చెబుతున్నంతసేపూ కమల్ ముఖంలో కోపం, సిగ్గు, ప్రేమ ఒకదాని మీద ఒకటి పొరలుగా కమ్ముకుంటాయి. వారసత్వం అంటే ఆస్తి కాదు, తీరని బాకీ అని ఈ ఒక్క సంభాషణ వల్ల మనకు తెలుస్తుంది.

అందుకే ఆ తరువాత తండ్రి పోయి, పొడుగాటి జుట్టు తీయించి, మీసం దువ్వి, పంచె కట్టి శక్తి వచ్చినప్పుడు మనకు ఉత్సాహం కన్నా జాలి ఎక్కువ కలుగుతుంది. ఊరివాళ్ల దారి కోసం పొలం వదులుకున్న మనిషి కూతురు పంచవర్ణం (రేవతి) పెళ్లి రోజున, సవతి తమ్ముడి కొడుకు మాయన్‌కు భయపడి పెళ్లికొడుకు పారిపోతే, శక్తి తానే తాళి కడతాడు. దాంతో అతని ప్రేమ అక్కడితో ముగిసిపోతుంది. తండ్రి కుర్చీకి ఇతను చెల్లించిన మొదటి వాయిదా అది. రేవతికి ఉత్తమ సహాయనటిగా జాతీయ పురస్కారం తెచ్చిన పాత్ర ఇది. అంతగా మాట్లాడని ఆ పల్లెటూరి అమ్మాయి, భర్త మనసు మరొకరి దగ్గర ఉందని తెలిసీ ఆ ఇంట్లో నిలబడిన తీరు చూడవలసిందే.

పోరాటాల విషయానికి వస్తే ‘నవాబ్’లో తుపాకులు, కార్ల వెంటాటలు, విదేశాల్లో హత్యలు ఉంటే, ‘క్షత్రియ పుత్రుడు’లో కర్రలు, కొడవళ్లు, తెగిన చెరువు గట్టు, ఊరి మీద పడిన వరద ఉంటాయి. మొదటిదాని వేగం ముందు రెండోది ఇప్పటి కళ్లకు నెమ్మదిగా తోచవచ్చు. కాని గట్టు తెగిన మరునాడు బురదలో పసివాళ్ల శవాలు చూసిన తండ్రి కుంగిపోవడంలో ఉన్న హింస, ఎన్ని తూటాలు పేలినా నాకు ‘నవాబ్’లో దొరకలేదు. నాసర్ పోషించిన మాయన్ కూడా కేకలు వేసే ప్రతినాయకుడు మాత్రమే కాదు, తన తండ్రికి జరిగిన అవమానం మోస్తూ పెరిగినవాడు. అతనిదీ వారసత్వమే.

ఒక లోపం గురించి చెప్పకపోతే నేను నిజాయితీగా రాసినట్లు కాదు. తేవర్ అన్నది దక్షిణ తమిళనాడులో ఒక సామాజిక వర్గానికి చెందిన బిరుదు. ఈ సినిమా హింసను వద్దని చెబుతూనే, పాటల్లో, పంచెకట్టులో, మీసంలో ఆ కులగౌరవాన్ని పైకెత్తిందన్న విమర్శ బలమైనది. దర్శకుడు మారి సెల్వరాజ్ 2023లో తన సినిమా ‘మామన్నన్’ పాటల విడుదల సందర్భంగా, ‘తేవర్ మగన్’ తనను ఎంతగా కలతపెట్టిందో, అందులోని ఇసక్కి మామన్నన్ (అంటే మహారాజు) అయితే ఎలా ఉంటుందన్న ఆలోచన తన చిత్రానికి ఎలా పునాది అయిందో కమల్‌హాసన్ సమక్షంలోనే చెప్పాడు. ఆ పాత్రను మళ్లీ వడివేలు చేతనే చేయించాడు. తెలుగులో ‘క్షత్రియ పుత్రుడు’ అన్న పేరు పెట్టడం వల్ల ఈ చర్చ మన దాకా రాలేదు, సినిమా ఏ నేల మీద నిలబడి ఉందో మనకు తెలియకుండా పోయింది. వీలుంటే తమిళంలోనే ఉపశీర్షికలతో చూడమని నేను చెప్పడానికి ఇదే ముఖ్య కారణం. ఆ యాస, ఆ పిలుపులు డబ్బింగ్‌లో నిలవవు. ‘నవాబ్’కు ఆ ఇబ్బంది లేదు, నగరం కథ కనుక తెలుగులో హాయిగా చూడవచ్చు.

‘వారసుడు’ వంశీ పైడిపల్లి దర్శకత్వంలో దిల్ రాజు నిర్మించిన సినిమా. విజయ్ కథానాయకుడు, శరత్‌కుమార్ తండ్రి. ముగ్గురు కొడుకుల్లో సమర్థుడికే సంస్థ పగ్గాలని తండ్రి పోటీ పెట్టడం మంచి ఎత్తుగడే. చిన్నవాడు ఎదురు తిరిగి ఇల్లు వదలడం వరకు కథ కూడా బాగానే సాగుతుంది. కాని ఎవరు గెలుస్తారన్న సందేహం ఒక్క క్షణం కూడా కలగనివ్వదు గనుక అది పోరు అనిపించుకోదు. పిల్లలతో, పెద్దలతో కలిసి పండుగనాడు చూడటానికి తగినది. ఇక్కడ కూడా తల్లి జయసుధే, ప్రకాశ్‌రాజ్ ఈసారి ఇంటి బయటి శత్రువు. ‘థగ్ లైఫ్’ మణిరత్నం, కమల్ కలయిక మీద ఆశతో చూసిన సినిమా. పెంచిన కొడుక్కి, పెంచిన తండ్రికి మధ్య అనుమానం అన్న గొప్ప బీజం ఉన్నా, రెండో సగంలో అది ప్రతీకార కథగా మారిపోయింది. మిగతా మూడూ చూసిన తరువాతే దాని వంతు.

వారాంతపు రాత్రి రెండున్నర గంటలు ఉత్కంఠతో గడవాలనుకునే వాళ్లకు ‘నవాబ్’ చాలు, నిరాశపడరు. నాకు మాత్రం ‘క్షత్రియ పుత్రుడే’ మేలు. రెండూ చూసే వీలున్నవాళ్లు ముందు ‘నవాబ్’ చూసి, మరునాడు ‘క్షత్రియ పుత్రుడు’ చూడండి. ఈ వరుసను తారుమారు చేస్తే, శివాజీ మాటలు చెవుల్లో ఉండగా సేనాపతి మౌనం వెలితిగా తోచి, ‘నవాబ్’కు దక్కవలసినంత మర్యాద దక్కకుండా పోతుంది.