వాల్వు రేడియోనా, రేడియోగ్రామా?

విజయవాడలో పాత సంగీత యంత్రాలను సేకరించి బాగుచేయాలనుకునేవారిని మొదట తికమకపెట్టేది ఈ ఎంపికే: ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలతో (వాల్వులతో) పనిచేసే రేడియో కొనాలా, లేక రేడియో, రికార్డు ప్లేయరు ఒకే పెట్టెలో ఉండే రేడియోగ్రామ్ కొనాలా?

ఖర్చు: రేడియోకు చాలాసార్లు పాడైన కెపాసిటర్లు (విద్యుత్తును నిల్వచేసే భాగాలు) మార్చి, ఈఎల్84 వంటి వాల్వు ఒకటి వెతికి తెస్తే సరిపోతుంది. రేడియోగ్రామ్‌కు రికార్డు ప్లేయరు ఖర్చు అదనం.

శ్రమ: అసలు తేడా ఇక్కడే ఉంది. రేడియోగ్రామ్‌లో గ్రీజు గడ్డకట్టి, రికార్డు పెట్టే పళ్లెం భారంగా తిరుగుతుంది, దాన్ని తిప్పే రబ్బరు చక్రం గట్టిపడి పాట సాగదీసినట్లు వినిపిస్తుంది. పైగా నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత లక్క రికార్డులకు మొన లావుగా ఉన్న ముల్లు, తర్వాతి కాలపు వినైల్ ఎల్పీ రికార్డులకు సన్నని ముల్లు వేరువేరుగా కావాలి. ఒకే ముల్లుతో నెట్టుకొస్తే పాడయ్యేది రికార్డే.

ప్రమాదం: ప్లగ్గు తీశాక కూడా రెండింటి కెపాసిటర్లలోనూ 200 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు.

చోటు: కృష్ణా తీరపు తేమకు రేడియోగ్రామ్ పెట్టె పైపొర ఉబ్బి లేస్తుంది, కాళ్లకు చెద పడుతుంది. రేడియో అలమరలో ఇమిడిపోతుంది.

అపార్టుమెంటులో ఉంటూ సోల్డరింగ్ ఇప్పుడే నేర్చుకుంటున్నవారికి, 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణిని 837 కిలోహెర్ట్జ్‌లో పట్టుకోవాలన్న ముచ్చట ఉన్నవారికి, ఎల్ఈడీ దీపాల వల్ల రేడియోలో వచ్చే గరగరను భరించగలిగితే, రేడియోయే తగినది. తాతగారి రికార్డుల పెట్టె, విశాలమైన హాలు, యంత్రభాగాలు విప్పి బిగించే ఓపిక మూడూ ఉన్నవారే రేడియోగ్రామ్ కొనాలి.